పరిశ్రమల్లో డిమాండ్ రెస్పాన్స్

గ్రిడ్‌లో సరఫరాకు మించి గిరాకీ వచ్చినప్పుడు, లేదా మార్కెట్లో విద్యుత్తు ధర విపరీతంగా పెరిగినప్పుడు, కర్మాగారాలు కోరిన మేరకు కొంతసేపు వాడకం తగ్గించుకుని, ముందే కుదిరిన ప్రతిఫలం అందుకునే ఏర్పాటును డిమాండ్ రెస్పాన్స్ అంటారు. ఉత్పత్తి కేంద్రం అదనంగా 10 మెగావాట్లు ఇచ్చినా, ఫ్యాక్టరీ 10 మెగావాట్లు మానుకున్నా గ్రిడ్‌కు ఒరిగేది ఒకటే. అందుకే మానుకున్న కరెంటుకూ వెల కట్టాలన్నది ఈ పద్ధతికి మూలసూత్రం. దీనికి నాలుగు షరతులు ఉన్నాయి: వినియోగదారు సమ్మతి, ముందస్తు కబురు, ఒప్పుకున్న ధర, నికరమైన కొలత. ఈ నాలుగూ ఉంటే అది గ్రిడ్‌కు అందించే సేవ అవుతుంది. ఇవి లేకుండా జరిగేది కరెంటు కోతే.

అవసరం

విద్యుత్తును పెద్ద ఎత్తున నిల్వ చేయడం ఇటీవలి దాకా జలాశయాల సాయంతో తప్ప సాధ్యపడలేదు. అందువల్ల ఉత్పత్తి, వాడకం క్షణక్షణం సరితూగాలి. ఆ తూకం ఎలా ఉందో ఫ్రీక్వెన్సీ చెబుతుంది. భారతదేశంలో అది సెకనుకు 50 సైకిళ్లు, అంటే 50 హెర్ట్జ్. మన గ్రిడ్ నియమావళి దాన్ని 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉంచాలంటుంది. వాడకం పెరిగి ఉత్పత్తి చాలకపోతే ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. అది మరీ దిగజారితే టర్బైన్లు దెబ్బతినకుండా ఉత్పత్తి కేంద్రాలు తమంతట తామే గ్రిడ్ నుంచి విడిపోతాయి. దాంతో కొరత ఇంకా పెరుగుతుంది. పెద్ద గ్రిడ్ కుప్పకూలితే ఎలా ఉంటుందో 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చూసింది. రెండో రోజు తూర్పు, ఈశాన్య ప్రాంతాలు కూడా చీకట్లో మునిగి, 60 కోట్లకు పైగా జనం ఉండే ప్రాంతాలకు సరఫరా నిలిచిపోయింది.

రెండో అవసరం ఖర్చుకు సంబంధించినది. ఏడాదిలో 8,760 గంటలు ఉంటే, గిరాకీ శిఖరానికి చేరేది వాటిలో కొద్ది గంటలే. 2024 మే 30న దేశంలో గరిష్ఠ గిరాకీ 250 గిగావాట్లు తాకింది. అలాంటి కొద్ది గంటల కోసం కట్టిన కేంద్రాలూ లైన్లూ మిగతా ఏడాదంతా ఖాళీగా ఉన్నా, వాటి వడ్డీ, నిర్వహణ ఖర్చులు బిల్లుల్లోకే వస్తాయి. ఆ గంటల్లో కొందరు పెద్ద వినియోగదారులు ఇష్టపూర్వకంగా తగ్గితే కొత్త కేంద్రం అవసరమే వాయిదా పడుతుంది.

ఇందులో పరిశ్రమలకు ప్రత్యేక స్థానం ఉంది. లక్ష ఇళ్లలో ఏసీలు తగ్గించాలంటే లక్ష మందిని ఒప్పించాలి. 132 కేవీ లైన్ల మీద నేరుగా కరెంటు తీసుకునే ఒక్క పెద్ద కర్మాగారం పదుల మెగావాట్లు వాడుతుంది. దాని కంట్రోల్ రూముకు ఒక్క ఫోన్ చేస్తే చాలు. అక్కడ ఇరవై నాలుగు గంటలూ మనుషులుంటారు, మీటరుంటుంది, ఏ యంత్రం ఎంత లాగుతుందో లెక్క ఉంటుంది.

పనిచేసే తీరు

స్పందించే వేగాన్ని బట్టి ఈ సేవల్లో స్థూలంగా నాలుగు అంచెలు కనిపిస్తాయి.

మొదటిది టారిఫ్. వేళను బట్టి యూనిట్ ధర మారుతుంది. ధరల పట్టికే ముందస్తు కబురు, విడిగా ఎవరూ పిలవనక్కర్లేదు, ఖరీదైన వేళ పని తగ్గించుకోవాలా వద్దా అన్నది ఫ్యాక్టరీ ఇష్టం. రెండోది పిలుపు మీద తగ్గింపు. ముందురోజో, గంటల ముందో, అత్యవసరమైతే పది పదిహేను నిమిషాల ముందో సందేశం వస్తుంది. ఒప్పుకున్న మెగావాట్లను ఒప్పుకున్నంతసేపు తగ్గించాలి. మూడోది, ఫ్రీక్వెన్సీని కనిపెట్టే రిలే సాయంతో తక్షణం లోడును తప్పించడం. ఫ్రీక్వెన్సీ ఒప్పందంలో ముందే చెప్పిన హద్దు కంటే కిందికి పడగానే రిలే బ్రేకరును తెంచేస్తుంది, మనిషి ప్రమేయం ఉండదు. టెక్సస్ గ్రిడ్ 60 హెర్ట్జ్ మీద నడుస్తుంది. అక్కడ ఇలాంటి లోడ్ల రిలేలు 59.7 హెర్ట్జ్ దగ్గర అర సెకనులో పనిచేయాలి. నాలుగోది నిరంతర సర్దుబాటు. గ్రిడ్ పంపే సంకేతాన్ని అనుసరించి లోడు కొద్దికొద్దిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో వారిక్ అల్యూమినియం స్మెల్టర్ ఈ రకం సేవకు తొలి ఉదాహరణల్లో ఒకటి.

చెల్లింపు సాధారణంగా రెండు భాగాలుగా ఉంటుంది. పిలిస్తే తగ్గడానికి సిద్ధంగా ఉన్నందుకు మెగావాట్‌కు ఇంత అని ఒకటి, నిజంగా తగ్గించిన యూనిట్లకు మరొకటి. పిలిచినప్పుడు మాట నిలబెట్టుకోకపోతే జరిమానా ఉంటుంది. చిన్న ఫ్యాక్టరీలు విడివిడిగా మార్కెట్లోకి రాలేవు కాబట్టి వాటిని కూడగట్టి ఒకే పెద్ద వనరుగా చూపే మధ్యవర్తి సంస్థలు పుట్టాయి. వీటిని అగ్రిగేటర్లంటారు. ఒక ఫ్యాక్టరీ ఆ రోజు తగ్గలేకపోతే మరొకటి ఆ లోటు పూడ్చేలా చూడటం, మీటర్లు పెట్టడం, సందేశాలు చేరవేయడం, లెక్కలు చూపి డబ్బు పంచడం వీరి పని.

ఏ పరిశ్రమ ఏం చేయగలదు

కర్మాగారం మొత్తాన్ని ఆపడం డిమాండ్ రెస్పాన్స్ ఉద్దేశం కాదు. ప్రక్రియలో ఎక్కడో ఒకచోట నిల్వ ఉంటుంది. దాన్ని పట్టుకోవడంలోనే నేర్పు ఉంది.

సిమెంటు కర్మాగారంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. సున్నపురాయిని రా మిల్లు పొడి చేస్తుంది. ఆ పొడి కిల్న్ అనే కొలిమిలో 1,400 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడిలో క్లింకర్‌గా మారుతుంది. క్లింకర్‌ను జిప్సంతో కలిపి సిమెంట్ మిల్లు నూరుతుంది. ఇందులో కిల్న్ జోలికి పోకూడదు. ఉన్నట్టుండి ఆపితే లోపలి అగ్నిసహ ఇటుకలు పగులుతాయి, వేడెక్కిన ఉక్కు గొట్టం తిరగకపోతే వంగిపోతుంది. సిమెంట్ మిల్లు సంగతి వేరు. క్లింకర్ గుట్టలు, సిమెంటు సైలోలు నిండుగా ఉంటే మెగావాట్ల మోటారును రెండు మూడు గంటలు ఆపినా లారీల లోడింగ్ ఆగదు. మానిన రుబ్బుడు అర్ధరాత్రి షిఫ్టులో పూర్తవుతుంది. హుజూర్‌నగర్, జగ్గయ్యపేట, ఎర్రగుంట్ల, తాడిపత్రి చుట్టుపక్కల ఉన్న సిమెంటు పరిశ్రమకు ఈ వెసులుబాటు పుట్టుకతోనే ఉంది.

అల్యూమినియం స్మెల్టర్‌లో నిల్వ వేడి రూపంలో ఉంటుంది. పాట్లనే వందలాది తొట్లను వరుసగా కలిపి, ఒక్కోదాని మీద నాలుగు వోల్టులకు కాస్త పైన డీసీ విద్యుత్తును లక్షల ఆంపియర్లలో పంపుతారు. లోపలి ద్రవం 960 డిగ్రీల దగ్గర మరుగుతున్నట్టు ఉంటుంది. టన్ను లోహానికి సుమారు 14,000 యూనిట్లు పడతాయి. ఒకటి రెండు గంటలు కరెంటు తగ్గినా ఆ వేడి నిలుస్తుంది. అంతకు మించి చాలా గంటలు ఆగితే ద్రవం గడ్డకడుతుంది, పాట్లను మళ్లీ లేపడానికి నెలలు పడుతుంది. 2016 డిసెంబరు 1న ఆస్ట్రేలియాలోని పోర్ట్‌లాండ్ స్మెల్టర్‌కు లైను లోపం వల్ల గంటల తరబడి సరఫరా ఆగినప్పుడు ఇదే జరిగింది. జర్మనీలోని ఎస్సెన్‌లో ట్రిమెట్ సంస్థ పాట్ల చుట్టూ ఉష్ణ వినిమయ యంత్రాలు అమర్చి, వేడి కోల్పోయే వేగాన్నే అదుపు చేస్తూ వాడకాన్ని 25 శాతం దాకా పెంచడానికీ తగ్గించడానికీ వీలయ్యే ప్రయోగం చేసింది.

ఆర్క్ ఫర్నేసుతో ఉక్కు చేసేవారు ఒక హీటుకూ (ఒక వాయి కరిగింపుకూ) మరో హీటుకూ మధ్య విరామాన్ని పొడిగించగలరు. విజయనగరం జిల్లాలో వేళ్లూనుకున్న ఫెర్రో అల్లాయ్ పరిశ్రమలో ఫర్నేసు ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చి లోడు తగ్గించవచ్చు. కానీ ఎక్కువసేపు చల్లారిస్తే ఎలక్ట్రోడ్లు విరిగే ప్రమాదం ఉంటుంది. ఆక్సిజన్ ప్లాంట్లు ద్రవరూపంలో నిల్వ చేసుకుని కంప్రెసర్లకు విశ్రాంతి ఇవ్వగలవు. గుంటూరులో మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీల్లో తలుపులు మూసి ఉంటే కంప్రెసరు కొంతసేపు ఆగినా గది చల్లదనం చెదరదు. నూలు మిల్లు, మందుల తయారీ, సెమీకండక్టర్ వంటి చోట్ల మాత్రం క్షణం అంతరాయమే సరుకును పాడు చేస్తుంది. అక్కడ ఏసీ, చిల్లర్లు, పంపుల వంటి అనుబంధ లోడ్లే అందుబాటులో ఉంటాయి.

వాడని కరెంటును కొలవడం

ఉత్పత్తిని మీటరు చూపిస్తుంది. వాడకపోవడాన్ని ఏ మీటరూ చూపలేదు. పిలుపు రాకపోయి ఉంటే ఫ్యాక్టరీ ఎంత వాడేదో అంచనా కట్టి, దాంట్లోంచి నిజంగా వాడినది తీసేస్తేనే తగ్గింపు తేలుతుంది. ఈ అంచనాను బేస్‌లైన్ అంటారు. ఉదాహరణకు ఒక కర్మాగారం ఆ వేళకు సాధారణంగా 10 మెగావాట్లు వాడుతుందని బేస్‌లైన్ చెప్పిందనుకుందాం. పిలుపు వచ్చిన రెండు గంటలూ అది 7 మెగావాట్ల దగ్గర ఉంటే తగ్గింపు గంటకు 3,000 చొప్పున మొత్తం 6,000 యూనిట్లు.

బేస్‌లైన్ కట్టే పద్ధతులు ప్రాంతానికొకటి. న్యూయార్క్‌లో ఇటీవలి పది పనిదినాల్లో ఎక్కువ వాడిన ఐదింటి సగటు తీసుకుంటారు. తూర్పు అమెరికాలోని పీజేఎం గ్రిడ్‌లో ఐదు రోజుల్లో నాలుగింటి సగటు వాడుకలో ఉంది. మోసానికి సందుండేది ఇక్కడే. బేస్‌లైన్ లెక్కించే రోజుల్లో కావాలని వాడకం పెంచి, ఆ తరువాత మామూలు స్థాయికి వచ్చి దాన్నే తగ్గింపుగా చూపవచ్చు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో కాగితం మిల్లులు బేస్‌లైన్ లెక్కించే రోజుల్లో సొంత జనరేటర్‌ను తగ్గించి గ్రిడ్ నుంచి ఎక్కువ కరెంటు తీసుకున్నాయన్న ఆరోపణల మీద అమెరికా కేంద్ర ఇంధన నియంత్రణ మండలి ఫెర్క్ 2013లో లక్షల డాలర్ల జరిమానాలకు ఆదేశించింది. కొలత మీద నమ్మకం పోతే మొత్తం ఏర్పాటే కూలుతుందని ఆ కేసులు చాటాయి.

చరిత్ర, చట్టం

రాయితీ టారిఫ్‌కు బదులుగా అవసరమైనప్పుడు సరఫరా ఆపడానికి ఒప్పుకునే పెద్ద పరిశ్రమలు అమెరికా, ఐరోపాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. 1980లలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆచార్యుడు ఫ్రెడ్ ష్వెపీ, విద్యుత్తుకు గంటగంటకూ మారే ధర ఉంటే వినియోగదారులే గ్రిడ్ తూకంలో భాగస్వాములవుతారని సిద్ధాంతీకరించారు. అదే కాలంలో ఇంధన నిపుణుడు అమోరీ లొవిన్స్ ఆదా చేసిన విద్యుత్తును ఉత్పత్తితో సమానంగా చూడాలని వాదించారు.

పాత ఒప్పందాల బలహీనతను కాలిఫోర్నియా విద్యుత్ సంక్షోభం బయటపెట్టింది. పిలుపు దాదాపు రాదనే ధీమాతో ఏళ్ల తరబడి రాయితీ పొందిన పరిశ్రమలను 2000–01లో మాటిమాటికీ ఆపాల్సి వచ్చింది. చాలామంది తప్పుకోవాలని చూశారు. అదే సమయంలో వాయవ్య అమెరికాలోని అల్యూమినియం స్మెల్టర్లకు లోహం కంటే కరెంటు తిరిగి అమ్ముకోవడమే లాభసాటి అయింది. అప్పుడు ఆగిన వాటిలో కొన్ని మళ్లీ తెరుచుకోలేదు, కార్మికుల ఉద్యోగాలు శాశ్వతంగా పోయాయి. తగ్గింపుకు ధర ఉండాలి, ఆ తగ్గింపుకు వ్యవధీ హద్దూ ఉండాలి అన్న పాఠం అక్కడిదే.

2011 మార్చిలో ఫెర్క్ 745వ ఉత్తర్వు ఇచ్చింది. ఇతర వినియోగదారులకు మేలు జరిగే సమయాల్లో, టోకు మార్కెట్లో మానుకున్న యూనిట్‌కూ ఉత్పత్తి చేసిన యూనిట్‌కు ఇచ్చే ధరే ఇవ్వాలన్నది దాని సారం. ఉత్పత్తి కంపెనీల సంఘం దీన్ని సవాలు చేసింది. రిటైల్ వినియోగం రాష్ట్రాల పరిధిలోనిదంటూ 2014లో అప్పీలు కోర్టు ఉత్తర్వును కొట్టేసింది. 2016 జనవరి 25న అమెరికా సుప్రీంకోర్టు 6–2 మెజారిటీతో దాన్ని పునరుద్ధరించింది. తీర్పు రాసింది జస్టిస్ ఎలీనా కేగన్. వాడకం తగ్గించడం టోకు మార్కెట్లో అమ్మదగిన సేవేనన్న వాదనకు ఆ తీర్పుతో చట్టబద్ధమైన పునాది పడింది.

వివిధ దేశాల అనుభవం

ఈ సేవ విలువను దగ్గరగా చూపిన ఘటన 2021 జనవరి 8న జరిగింది. మధ్యాహ్నం రెండు గంటలు దాటి నాలుగు నిమిషాలకు క్రొయేషియాలోని ఎర్నెస్టినోవో సబ్‌స్టేషన్‌లో రెండు బస్‌బార్లను (కరెంటు పంచే లోహపు కడ్డీలను) కలిపే బ్రేకరు అధిక ప్రవాహంతో ట్రిప్పయింది. ఆ కరెంటు పక్క లైన్ల మీద పడి అవీ ఒకదాని తరువాత ఒకటి తెగాయి. నిమిషం లోపే ఐరోపా ఖండపు గ్రిడ్ రెండు ముక్కలైంది. ఆగ్నేయ భాగంలో ఉత్పత్తి మిగిలింది, వాయవ్య భాగంలో కొరత వచ్చి ఫ్రీక్వెన్సీ 49.74 హెర్ట్జ్‌కు పడింది. ఆ క్షణంలో ఫ్రాన్స్, ఇటలీల్లో ముందుగా ఒప్పందం చేసుకున్న దాదాపు 1,700 మెగావాట్ల పారిశ్రామిక లోడు దానంతటదే విడిపోయింది. పడిపోతున్న ఫ్రీక్వెన్సీ నిలదొక్కుకుంది. గంటకు కాస్త పైగా గడిచాక రెండు ముక్కలూ మళ్లీ కలిశాయి. ఖండంలో అత్యధిక కుటుంబాలకు ఆ క్షణంలో ఈ సంగతే తెలియలేదు.

టెక్సస్‌లో 2008 ఫిబ్రవరి 26 సాయంత్రం గాలి మందగించి పవన విద్యుత్తు పడిపోయింది. అదే సమయంలో గిరాకీ పెరిగింది. గ్రిడ్ నిర్వహణ సంస్థ ఎర్కాట్ పిలిచిన పది నిమిషాల్లో పెద్ద పరిశ్రమలు సుమారు 1,100 మెగావాట్లు తగ్గించి గట్టెక్కించాయి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో మాత్రం ఈ ఆసరా చాలలేదు. ఒప్పంద లోడ్లను వాడుకున్నాక కూడా సుమారు 20,000 మెగావాట్ల మేర సామాన్య వినియోగదారులకు రోజుల తరబడి కోత పెట్టాల్సి వచ్చింది. కొద్ది గంటల కొరతకు డిమాండ్ రెస్పాన్స్ మందు. ఉత్పత్తి కేంద్రాలే గడ్డకట్టిపోయిన వారానికి అది సరిపోదు.

జపాన్‌లో 2011 మార్చి భూకంపం, ఫుకుషిమా ప్రమాదం తరువాత ఆ వేసవిలో టోక్యో, తోహోకు ప్రాంతాల పెద్ద వినియోగదారులు 15 శాతం తగ్గించాలని ప్రభుత్వం చట్టప్రకారం ఆదేశించింది. కార్ల పరిశ్రమ గురు, శుక్రవారాలు సెలవు తీసుకుని శని, ఆదివారాలు పనిచేసింది. కార్మికుల కుటుంబ జీవితం తారుమారైంది. ఆ అనుభవం తరువాత 2017లో తగ్గింపును కొని అమ్మే మార్కెట్ అక్కడ మొదలైంది. 2011 సెప్టెంబరులో హఠాత్తుగా కోతలు చవిచూసిన దక్షిణ కొరియా 2014 నవంబరులోనే అలాంటి మార్కెట్ తెరిచింది. జర్మనీ 2013 నుంచి 2022 దాకా ఆపదగిన లోడ్లకు ప్రత్యేక ఉత్తర్వు కింద చెల్లించింది. ఆస్ట్రేలియా టోకు మార్కెట్లో 2021 అక్టోబరు నుంచి ఈ అవకాశం ఉంది.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

మన దేశంలో వాడకం తగ్గించడం కొత్త కాదు, ప్రతిఫలం ఇవ్వడమే కొత్త. 2012–13లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరిశ్రమలకు పవర్ హాలిడేలు, పీక్ వేళ ఆంక్షలు విధించారు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ అదే పరిస్థితి వచ్చింది. నిరంతరాయంగా నడిచే పరిశ్రమలు సగం వాడకానికే పరిమితం కావాలని, మిగతావి వారాంతపు సెలవుకు తోడు మరో రోజు ఆపాలని ఆదేశాలు వెలువడ్డాయి. గ్రిడ్‌కు కావలసిన మెగావాట్లు దొరికాయి. అయితే ఆపగలిగిన మిల్లుకూ ఆపలేని కొలిమికీ ఒకే నియమం వర్తించింది. దినసరి కూలీ నష్టపోయిన వేతనం ఏ లెక్కలోనూ చేరలేదు. అదే మెగావాట్లను ధర చెప్పి అడిగి ఉంటే, తక్కువ నష్టంతో ఆపగలిగినవారు ముందుకొచ్చేవారు. మిగతావారి పని సాగేది.

టారిఫ్ అంచె మాత్రం ఇప్పటికే ఉంది. తెలంగాణ 2022–23 టారిఫ్‌లో హెచ్‌టీ (హైటెన్షన్) పరిశ్రమలకు ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 10 వరకు యూనిట్‌కు రూపాయి అదనం, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు రూపాయి తగ్గింపు ఉండేవి. 2023లో సవరించిన కేంద్ర నిబంధనలు 10 కిలోవాట్లు దాటిన వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు 2024 ఏప్రిల్ 1 నుంచి వేళను బట్టి ధర ఉండాలన్నాయి. సౌరశక్తి దొరికే వేళ మామూలు ధర కంటే కనీసం 20 శాతం తక్కువ, పీక్ వేళ కనీసం 20 శాతం ఎక్కువ ఉండాలన్నది అందులోని లెక్క.

పిలుపు మీద తగ్గింపు ప్రయోగాలు ముంబైలో, ఢిల్లీలో టాటా పవర్ పంపిణీ సంస్థలు 2010ల తొలి అర్ధభాగంలో చేశాయి. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2022లో తెచ్చిన అనుబంధ సేవల నిబంధనలు, గ్రిడ్ తూకం సరిచేసే పనిలో ఉత్పత్తి కేంద్రాలతో పాటు వాడకం మార్చగల వినియోగదారులనూ గుర్తించాయి. మహారాష్ట్ర మండలి 2024లో డిమాండ్ ఫ్లెక్సిబిలిటీ మీద ప్రత్యేక నిబంధనలు వెలువరించింది.

విమర్శలు, పరిమితులు

డబ్బు కోసమే లోడు పెట్టుకునేవారికి ఇది వరమవుతుందన్న విమర్శ బలంగా ఉంది. 2023 ఆగస్టులో టెక్సస్‌లో ఒక బిట్‌కాయిన్ మైనింగ్ సంస్థ, వాడకం తగ్గించినందుకూ సంబంధిత కార్యక్రమాల కిందా 3 కోట్ల డాలర్లకు పైగా క్రెడిట్లు వచ్చాయని ప్రకటించడం పెద్ద చర్చకు దారితీసింది. రెండో విమర్శ డీజిల్ జనరేటర్ల మీద. గ్రిడ్ కరెంటు మాని డీజిల్ తగలేస్తే గాలి మురికి పెరుగుతుంది. అత్యవసర డీజిల్ ఇంజన్లను ఇలా ఏడాదికి 100 గంటలు నడపడానికి అమెరికాలో ఇచ్చిన మినహాయింపును 2015లో కోర్టు రద్దు చేసింది. మూడోది కార్మికుల సంగతి. యంత్రం ఆగిన గంటలకు యాజమాన్యానికి ప్రతిఫలం అందితే, ఆ గంటల కూలీ, మారిన షిఫ్టుల భారం ఎవరిదన్నది ఒప్పందంలోనే తేలాలి.

భవిష్యత్తు

కర్నూలు వంటి చోట్ల సౌర పార్కులు విస్తరించాక గ్రిడ్ అవసరం స్వభావమే మారుతోంది. మధ్యాహ్నం కరెంటు మిగులుతుంది, సూర్యాస్తమయం తరువాత చాలదు. కాబట్టి పరిశ్రమను సాయంత్రం తగ్గమని అడగడంతో పాటు మధ్యాహ్నం ఎక్కువ వాడమని అడగడమూ సేవలో భాగమవుతోంది. సిమెంటు నూరడం, నీళ్లు తోడడం, ఆక్సిజన్ నిల్వ చేయడం అటువంటి పనులే.

మొదట చెప్పిన నాలుగు షరతులతో తెలుగు రాష్ట్రాలను బేరీజు వేస్తే, కొలతకు కావలసిన మీటర్లు హెచ్‌టీ సర్వీసుల దగ్గర ఉన్నాయి, కబురు చేర్చడం కష్టం కాదు. మిగిలినవి ధర, సమ్మతి. ఏ ఫ్యాక్టరీ ఎన్ని మెగావాట్లను, ఎంతసేపు, ఎంతకు మానుకోగలదో వేసవికి ముందే వేలంలో తేల్చి ఒప్పందాలు రాసుకోవడం పంపిణీ సంస్థలైన డిస్కంలు, రాష్ట్ర నియంత్రణ మండళ్ల చేతిలో ఉన్న పని. అలాంటి జాబితా సిద్ధంగా ఉన్న రాష్ట్రం, కొరత వచ్చిన రోజున అందరికీ పవర్ హాలిడే ప్రకటించే ముందు ఆ జాబితాలో ఉన్నవారిని పిలవగలుగుతుంది.